పాత మోటారుబండ్ల పొగగొట్టపు అతుకులు

మోటారుబండి ఇంజనులో పుట్టిన పొగ బండి వెనుక చివరనుండి వెలువడులోపల ఎన్ని అతుకులను దాటవలసియున్నదో సాధారణముగా ఎవరును లెక్కింపరు. ఇంజను తలకును మానిఫోల్డునకును నడుమ ఒకటి, మానిఫోల్డునకును దానినుండి క్రిందికి దిగు గొట్టమునకును నడుమ ఒకటి, ఆ గొట్టము సైలెన్సరు డబ్బాలో చొచ్చుచోట ఒకటి, డబ్బానుండి తోకగొట్టము వెడలుచోట మఱియొకటి. మన పట్టణములలోని మెకానిక్కులు ఈ సరంజామానంతయు కలిపి సైలెన్సరు అనియే వ్యవహరింతురు. ఈ వ్యాసమున మాత్రము డబ్బాను సైలెన్సరనియు, తక్కినదానిని పొగగొట్టమనియు చెప్పుకొందము.

ఈ అతుకులలో ఏదైన వదులైనచో చప్పుడు పెరుగును; అంతకుమించిన నష్టము లేదని పలువురు తలంతురు. వదులైన చోట ఇంత పూత పూసి, పైన ఒక క్లాంపు వేసి బిగించినచో పని ముగిసినదని మఱికొందఱు తలంతురు. ఈ రెండు తలంపులును సరియైనవి కావు. మొదటిది ప్రాణాపాయమునకు త్రోవతీయును. రెండవది నెలకొకమాఱు బండి క్రింద పరుండజేయును. అతుకు విడుటకు కారణము తఱచుగా అతుకులో లేదు. గొట్టము వ్రేలాడు విధములోను, ఇంజను ఊగు విధములోను ఉన్నది. ఈ సంగతి తెలిసినవాడు పూతకొఱకు అంగడికి పోవుటకుముందు రబ్బరు బుష్‌లను చూచును.

ఉదాహరణమునకు మేము ఇంగ్లండులో పుట్టిన రెండు బండ్లను గైకొందుము. ఒకటి మోరిస్ మైనరు, రెండవది మినీ. రెండింటిని రూపొందించినవాడు అలెక్ ఇసిగోనిస్ అను ప్రసిద్ధుడగు ఇంజనీరు. మైనరు 1948లోను, మినీ 1959లోను వెలువడెను. మైనరును హిందూస్థాన్ మోటార్స్ వారు బేబీ హిందూస్థాన్ అను పేర మన దేశమునను అమ్మియుండిరి. 1951లో ఆస్టిన్ ఎ30 అను బండితో పుట్టిన ఎ-శ్రేణి ఇంజనే 1952లో మైనరునకును, పిదప మినీకిని అమర్పబడినది. కావున ఈ రెండు బండ్లకు ఇంజను ఒకే కుదురునకు చెందినది. మానిఫోల్డు క్రింది అతుకును ఒకే రకముది. అయినను ఆ అతుకు మైనరులో ఏండ్లతరబడి నిలుచుటయు, మినీలో పదేపదే విడిపోవుటయు కలదు. ఇట్లేల జరుగునో తెలిసికొన్నచో విషయమంతయు తెలిసినట్లే. దానికి ముందు చప్పుడు చిన్న నష్టమని యేల అంటిమో చెప్పవలసియున్నది.

పెట్రోలు పూర్తిగా మండినచో బొగ్గుపులుసు వాయువును నీటియావిరియు ఏర్పడును. గాలి చాలక సగము మండినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. కార్బ్యురేటరు గల పాత ఇంజను నిలిచి తిరుగుచుండగా వెలువడు పొగలో ఈ వాయువు నూటికి రెండు మూడు పాళ్లుండుట మామూలు. చల్లని ఉదయమున చోకు లాగినపుడు ఇంకను హెచ్చు. నేటి బండ్లకు ఈ విషమును విఱిచివేయు కన్వర్టరు కలదు. మన దేశమున 1995లో మొదట నాలుగు మహానగరములలో క్రొత్త పెట్రోలు కార్లకు దీనిని విధించిరి. పాత బండ్లకు అది లేదు.

ఈ వాయువునకు రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. నెత్తురులో ప్రాణవాయువును మోసికొనిపోవు హిమోగ్లోబినుతో ఇది ప్రాణవాయువుకంటె ఇన్నూఱు రెట్లకుపైగా గట్టిగా పెనవేసికొనును. అందుచే పీల్చుగాలిలో కొంచెమే యున్నను క్రమక్రమముగా నెత్తురునాక్రమించి, ప్రాణవాయువునకు చోటు లేకుండ చేయును. స్కాట్లండు శాస్త్రజ్ఞుడగు జాన్ స్కాట్ హాల్డేను బొగ్గుగనుల ప్రేలుళ్లలో మృతులైనవారిని పరీక్షించి, వారిలో పెక్కురు ప్రేలుడు దెబ్బకు గాక ఈ వాయువునకే బలియైరని 1896లో ప్రకటించెను. గనులలోనికి పంజరములలో చిన్న పక్షులను గొనిపోవు ఆచారము ఆయన సూచననుండి వచ్చినదే. బ్రిటను గనులలో ఆ ఆచారము 1986 వఱకు నిలిచెను. చిన్న ప్రాణి వేగముగా ఊపిరి తీయును గనుక మనుష్యునికంటె ముందుగా సొమ్మసిల్లి హెచ్చరించును.

మోటారుబండిలో ఆ పక్షి లేదు. తలనొప్పి, కడుపులో త్రిప్పుట, మగత, కన్నులు మసకలు క్రమ్ముట, ఇవియే గుఱుతులు. ప్రయాణపు బడలికయు ఇట్లే యుండును గదా! అందువలననే ఇది మోసకారియైన విషము. వెనుక సీటులో నిద్రించు పసిపిల్లలు బడలి నిద్రించుచున్నారని తల్లిదండ్రులు తలంతురు. మానిఫోల్డు దగ్గఱ వెలువడిన పొగ పెడళ్ల రంధ్రములగుండ, గేరుకడ్డీ చుట్టునున్న చినిగిన రబ్బరుగుండ, తుప్పుపట్టిన నేలరేకు చిల్లులగుండ లోనికి దూఱును. వెనుకనున్న అతుకు విడిచినను అపాయమే. పోవుచున్న బండి వెనుక గాలి యొత్తిడి తగ్గి సుడులేర్పడును. వెనుక అద్దము తెఱచియున్నచో ఆ సుడిలోని పొగ బండిలోనికే లాగబడును. బండిలో నలుగురుండి ఇద్దఱికి ఒకేసారి తలనొప్పి పుట్టినచో వెంటనే బండి నాపి, ఇంజను కట్టివేసి, అందఱును వెలుపలికి దిగి మంచిగాలి పీల్చవలెను. మగత తీఱనివారిని ఆస్పత్రికి తీసికొనిపోవలెను. ఆ బండిని బాగుచేయకుండ మరల నెక్కరాదు.

ఇక ఇంజను దగ్గఱకు పోవుదము. ఈ ఇంజనుకు సిలిండర్లు నాలుగు. నాలుగు స్ట్రోకులకొకమాఱు ప్రతి సిలిండరును పొగను బయటికి నెట్టును. అనగా రెండు చుట్లకొకమాఱు. నిమిషమునకు 3000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక్కొక్క సిలిండరు 1500 మాఱులు, నాలుగును కలిసి 6000 మాఱులు పొగను వదలును. సెకనుకు నూఱు మాఱులన్నమాట. కావున పొగగొట్టములో పొగ ఏటిలో నీరువలె సాగుట లేదు. సెకనుకు నూఱు సుత్తిదెబ్బలవలె పోవుచున్నది. దెబ్బకు దెబ్బకు నడుమ గొట్టములో ఒత్తిడి వెలుపలి గాలియొత్తిడికంటె తగ్గు క్షణములును కలవు. ఆ క్షణమున విడిన అతుకు పొగ కక్కుటకు మాఱుగా గాలిని లోనికి పీల్చును. వాలులో కాలు పెడలుపైనుండి తీసినపుడు పాత బండ్లు టపటపమని ప్రేలుటకు ఇది యొక కారణము. మండకుండ మిగిలిన పెట్రోలు ఆవిరికి వేడిగొట్టములో క్రొత్తగాలి తగిలి అక్కడ అంటుకొనును. కార్బ్యురేటరును సవరింపబూనువారు ముందు అతుకులను చూచుట మంచిది.

ఈ దెబ్బలతోపాటు వేడి యొకటి. ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కినచో తన పొడవులో పదిలక్షలకు సుమారు 12 పాళ్లు పెరుగును. మినీ బండి మొత్తము పొడవు మూడు మీటర్లకు కొంచెము పైగా. పొగగొట్టము రెండున్నర మీటర్లనుకొందము. అది సగటున 200 డిగ్రీలు వేడెక్కెనన్నను 6 మిల్లీమీటర్లు పొడవగును. చల్లారినపుడు మరల కుదియును. బండిని నడపిన ప్రతిదినమును ఈ సాగుటయు కుదియుటయు జరుగుచుండవలసినదే. గొట్టమును రెండు కొనలను కదలకుండ బిగించితిమా, ఆ 6 మిల్లీమీటర్లు ఎచ్చటికి పోవలెను? బలహీనమైన అతుకును త్రోసికొనియైనను పోవును, గొట్టమును పగులగొట్టియైనను పోవును.

మొదటి అతుకు ఇంజను తలపైనున్నది. ఎ-శ్రేణి తలలో పొగ వెడలు ద్వారములు మూడే. నడిమిది రెండవ, మూడవ సిలిండర్లకు ఉమ్మడి. రెండింటి పొగయు ఒకే త్రోవను పోవుటచే ఆ నడిమి ద్వారము మిగుల వేడెక్కును. మానిఫోల్డు పోతయినుముతో చేసినది. పలుమాఱులు కాగి చల్లారి ఏండ్లమీద కొంచెము వంగుట దానికి సహజము. వంగిన ముఖముపై ఎంత మంచి గాస్కెట్టు వేసినను నిలువదు. కావున విప్పినప్పుడెల్ల ముఖములను శుభ్రపఱచి, సరియైన ఉక్కుకొలబద్దను వాటిపై నిలువుగా నుంచి, వెనుక దీపము పెట్టి చూడవలెను. వెలుతురు కనబడుచోట సందు కొలుచు రేకును దూర్చి చూడవలెను. సందు స్పష్టముగా నున్నచో లేతుమెషిను గల వర్కుషాపులో ముఖమును చదును చేయించుట తప్ప వేఱుదారి లేదు. రెండు గాస్కెట్లు ఒకదానిపై నొకటి వేసి సరిపుచ్చుట మేము చూచియున్నాము. ఆ ఉపాయము అమ్మజూపిన బండిని కొనువాడు వచ్చు వఱకు పనికివచ్చును.

పాత గాస్కెట్టును తీయునపుడు మిక్కిలి జాగ్రత్త వలయును. ఆ కాలపు గాస్కెట్లలో రాతినార యుండెడిది. పలుచని రాగిరేకుల నడుమ దానిని కూర్చెడివారు. అది వేడికి చెక్కుచెదరదు గాని, దాని పొడి ఊపిరితిత్తులలో చేరినచో ఏండ్లు గడచిన పిదప క్యాన్సరు మొదలగు వ్యాధులు పుట్టును. బ్రిటనులో 1999లో దాని వాడుకను పూర్తిగా నిషేధించిరి. ఏబదియేండ్లుగా విప్పని ఇంజనులో అది లేదని ఎవరును చెప్పజాలరు. కావున పాత గాస్కెట్టును నీటితో తడిపి, తడిగానే మెల్లగా గీకి, ముక్కలను తడిగుడ్డతో ఎత్తి సంచిలో కట్టివేయవలెను. పొడిగా తీగకుంచెతో రుద్దుట, గాలిగొట్టముతో ఊదుట కూడదు. దుమ్ము నాపు మంచి ముసుగు లేక ఈ పనికి పూనుకొనరాదు.

క్రొత్త గాస్కెట్టును పొడిగానే వేయవలెను. దానికి పూత పూయు అలవాటు కలదు గాని, పూత గడ్డకట్టినచోట ఎత్తు, లేనిచోట పల్లము ఏర్పడి సమముగా నొక్కుకొనదు. నట్లు ఇత్తడివి కావలెను. ఉక్కునట్టు ఉక్కుస్టడ్డుపై వేడికి తుప్పుపట్టి కఱచుకొని, విప్పబోగా స్టడ్డు విఱిగి తలలో నిలిచిపోవును. ఇత్తడికి ఆ దుర్గుణము లేదు. దాని మెత్తదనము ఇచ్చట గుణమే, మరలు చెడవలసివచ్చినచో పది రూపాయల నట్టు చెడును గాని తల చెడదు. బిగువు సుమారు 15 పౌండు-అడుగులు చాలును. నడిమి నట్లనుండి మొదలిడి అటునిటు కొనలవైపు, రెండుమూడు విడతలుగా బిగింపవలెను.

గాలిని లోనికి తెచ్చు మానిఫోల్డు అల్యూమినియముతో వేఱుగానుండి, పొగ మానిఫోల్డు ప్రక్కనే నిలుచు ఇంజనులలో మఱియొక చిక్కు కలదు. 1962లో వెలువడిన ఎం.జి.బి. బండిలో ఇట్లే యున్నది. అచ్చట ఒకే మందపు వాషరు రెండు మానిఫోల్డుల అంచులను కలిపి నొక్కును. రెండంచుల మందము సమానముగా నున్నంతకాలము సరియే. ఒకదానిని చదును చేయించి రెండవదానిని విడిచితిమా, వాషరు ఒకవైపు ఒరగి మందముగా నున్నదానినే నొక్కును. రెండవది వదులై పొగయో గాలియో వదలును. నట్టెంత త్రిప్పినను ప్రయోజనముండదు. రెండింటిని కలిపియే చదును చేయింపవలెను.

రెండవ అతుకు మా యీ వ్యాసమునకు గుండెకాయ. మైనరు, మినీలలో మానిఫోల్డు క్రింది నోటికి ఏటవాలుగా చెక్కిన అంచు కలదు. గొట్టపు పైకొన గంటవలె విచ్చుకొనియుండును. గొట్టమును నోటికి ఆనించి, రెండు అర్ధచంద్రపు క్లాంపు ముక్కలను చుట్టును పెట్టి, రెండు బోల్టులతో దగ్గఱకు లాగుదురు. క్లాంపు లోపలి గాడియు ఏటవాలుగానే యుండును. అందుచే ముక్కలు అడ్డముగా దగ్గఱైన కొలది అంచులు నిలువుగా ఒకదానినొకటి ఒత్తుకొనును. యంత్రశాస్త్రమున చదివిన వాలుతలమే యిది. మొద్దును చీల్చు మేకువంటిదే. దీనిలో గాస్కెట్టు లేదు. రెండు లోహముఖములు శుభ్రముగా ఆనుటయే బందోబస్తు. ముఖములు గుంటలు పడియున్నచో వాల్వులను సానపట్టు పిండిని కొంచెము రాసి, గొట్టమును అటునిటు త్రిప్పుచు ఒకదానిపై నొకటి సాన పట్టవచ్చును. పిదప పిండిని పూర్తిగా కడిగివేయవలెను.

క్లాంపు బిగించునపుడు రెండు ముక్కల నడుమ రెండువైపుల సందు సమానముగా నుండునట్లు బోల్టులను వంతులవారీగా త్రిప్పవలెను. బిగువు పూర్తియైన పిదపను ఆ సందు కొంత మిగిలియుండవలెను. ముక్కలు ఒకదానికొకటి తగిలినవనగా క్లాంపు అరిగిపోయినదని యర్థము. అటుపై బోల్టును ఎంత త్రిప్పినను ఆ బలము ముక్కలకే గాని అతుకునకు చేరదు. చూపునకు బిగిసియే యుండును, లోపల వదులు. క్రొత్త క్లాంపు వెల కొంచెమే. అయినను అరిగిన క్లాంపు చుట్టు డబ్బాలకొలది పూత పూసిన బండ్లు ఎన్నియో!

ఇప్పుడు మైనరు, మినీల భేదము. మైనరులో ఇంజను బండి నిడివిని నిలిచియుండును. వెనుకచక్రములు బండిని నడపును. ఇంజను చక్రములను ఒకవైపు త్రిప్పునపుడు తాను రెండవవైపునకు ఒరగబోవును. న్యూటను చెప్పిన ప్రతిచర్య యిది. మైనరులో ఆ యొరగుట ఎడమకుడుల జరుగును. పొగగొట్టము ఇంజనుతోపాటు నిడివిగా వెనుకకు పోవుటచే దానికి కలుగునది చిన్న మెలిక మాత్రమే. పొడవైన గొట్టము ఆ మెలికను ఓర్చుకొనగలదు. అదియుగాక, చక్రములకు చేరుబలము వెనుక ఇరుసులోని పళ్లచక్రములలో మరల హెచ్చును. ఆ హెచ్చిన బలపు ప్రతిచర్యను ఇరుసే భరించును గాని ఇంజను దిమ్మెలు భరింపవు.

మినీలో ఇంజనును అడ్డముగా పెట్టిరి. గేరుపెట్టె ఇంజను క్రిందనే, చక్రములకు బలము పంచు డిఫరెన్షియలును దానికి అంటియే యున్నది. అంతయు ఒకే ముద్ద. తొలి మినీలలో ఆ చివరి పళ్లచక్రములు బలమును 3.765 రెట్లు చేయును. ఆ హెచ్చిన బలపు ప్రతిచర్య యంతయు ఈ ముద్దమీదనే పడును. ఇంజను అడ్డముగా నున్నందున ముద్ద ఊగుట ముందువెనుకలకే. గొట్టము వెనుకకు సాగియుండుటచే ఆ ఊపు గొట్టమును నిడివిని త్రోయుచు లాగుచుండును. కొయ్య రంపమును పట్టి ముందువెనుకలు లాగినట్లుండును. ఆ రంపపు పిడి మన క్లాంపు అతుకే.

ఈ యూపును అరికట్టుటకు మినీలో ఇంజను పైభాగమునుండి వెనుకగోడకు ఒక పొట్టి కడ్డీని అమర్చిరి. దాని రెండు కొనలందును రబ్బరు బుష్‌లు కలవు. ఆ బుష్‌లు అరిగినపుడు ఇంజను విడిబడిన పశువువలె ఊగును. కొన్ని దినములలో క్లాంపు విడుటయో, విచ్చుకొనిన గొట్టపుకొన పగులుటయో జరుగును. యజమాని క్లాంపు మార్చును, మరల విడును. గొట్టము మార్చును, మరల పగులును. కొన్ని రూపాయల బుష్‌లకొఱకు గొట్టములు గొట్టములుగా డబ్బు పోవును. పరీక్ష సులభము. ఇంజను ఆపి, చల్లారిన పిదప దానిని రెండుచేతులతో ముందునకు వెనుకకు ఊపి చూడవలెను. అదే సమయమున కడ్డీ కొనలను కనిపెట్టియుండవలెను. బుష్‌లో లోహము అటునిటు జాఱుట కనబడినచో కారణము దొరకినట్లే. తరువాతి నమూనాలలో క్రిందను మఱియొక కడ్డీ కలదు. దానిని కూడ చూడవలెను.

రెండవ రక్షణము గేరుపెట్టె ప్రక్కనుండి గొట్టమును పట్టుకొను చిన్న ఇనుప పట్టి. దీని యుద్దేశము గొట్టపు మొదటి భాగమును ఇంజను ముద్దతో ఒకటిగా కలుపుట. ఇంజను ఊగినచో గొట్టము మొదలును దానితోనే ఊగును. అతుకువద్ద వారిరువురి నడుమ కదలిక యుండదు. ఆ పట్టి విఱిగిన మినీకి ఎంత మంచి క్లాంపు వేసినను వ్యర్థము. అటుపై వెనుకనున్న పట్టులన్నియు రబ్బరువి కావలెను. ముందు భాగము ఇంజనుతో గట్టిగా, వెనుక భాగము బండినుండి మెత్తగా. ఈ క్రమమును తలక్రిందుచేసినవాడు ఏ పూతతోను గెలువలేడు.

మన ప్రాంతమున రబ్బరు తెగినచోట సైలెన్సరును ఇనుపతీగతో చట్రమునకు బిగించి కట్టుట తఱచు. ఊరు చేరుటకు అంతవఱకు మంచిదే. అట్లే విడిచినచో గొట్టమునకు సాగు వీలు పోవును, చట్రమంతయు గిఱ్ఱుమని మ్రోగును. అంతకంటె పాతటైరునుండి కోసిన పట్టీతో వ్రేలాడదీయుట ఎంతో మేలు. అది అందముగా నుండదు గాని పని చేయును.

మూడవ, నాలుగవ అతుకులలో ఒక గొట్టము మఱియొకదానిలో దూఱును. వెలుపలి గొట్టపు అంచున నిలువుగా చీలికలుండును. వాటిపై క్లాంపు బిగించినపుడు చీలికలు మూసికొని లోపలి గొట్టమును పట్టును. లోపలి గొట్టము చీలికల మొదలు దాటి లోనికి పోవలెను. లేనిచో చీలికలగుండనే పొగ వచ్చును. పూతకు తగిన చోటు ఇదియే. అంగళ్లలో దొరకు పూత సోడియం సిలికేటులో మట్టిపొడి వంటివి కలిపిన ముద్ద. నీరు ఇగిరినకొలది గట్టిపడి రాయివలెనగును. రాయివలెనే వంగజాలదు. కదలని అతుకులో సన్నని సందులను పూడ్చుటకు అది చక్కగా పనికివచ్చును. కదలు అతుకులో వారమునకు పొడిపొడియై రాలును. దానిని లోపలికి దూఱు గొట్టము పైభాగమున పూయవలెను. అట్లయినచో మిగిలిన ముద్ద వెలుపలికి నెట్టబడును, తుడిచివేయవచ్చును. వెలుపలి గొట్టము లోపల పూసినచో మిగిలినదంతయు గొట్టములోనికే పోయి గడ్డలగును. పూసిన పిదప ఇంజనును కొన్ని నిమిషములు నెమ్మదిగా తిరుగనిచ్చి ఆఱబెట్టవలెను. వెంటనే రోడ్డెక్కినచో ఆవిరి పొంగి బుడగలు పుట్టును.

అతుకులన్నిటిని వెల్డింగు చేయించుట మేలనువారు కలరు. మేము దాని కంగీకరింపము. మఱునాడు సైలెన్సరు మార్పవలసివచ్చినచో రంపము తప్పదు. సైలెన్సరు మార్పవలసియే వచ్చును. ఏలయనగా ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు పుట్టును. దూరప్రయాణములలో అది ఆవిరియై పోవును. బజారువఱకు పోయివచ్చు బండిలో గొట్టము పూర్తిగా కాగకముందే ఇంజను ఆగును. ఆ నీరు డబ్బాలో నిలిచి లోపలినుండి తినివేయును. విశాఖపట్టణము, కాకినాడ వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి వెలుపలినుండియు సాయపడును.

క్రొత్త గొట్టమును అమర్చునపుడు క్రమము ముఖ్యము. మొదట అన్ని ముక్కలను వదులుగా ఎక్కించి, గొట్టము తనంతట తాను ఎచ్చటను తగులకుండ కుదురుకొనునట్లు చూడవలెను. పిదప మానిఫోల్డు క్లాంపు, ఆవల గేరుపెట్టె పట్టి, చివరకు దూఱు అతుకులును రబ్బరు పట్టులును వరుసగా బిగింపవలెను. వెనుకనుండి ముందునకు వచ్చినచో చివరి వంకర యంతయు క్లాంపువద్ద చేరును. గొట్టమును బలవంతముగా లాగి క్లాంపు తొడుగవలసివచ్చును. ఆ బలవంతము అతుకులో దాగి వేడికొఱకు కాచుకొనియుండును. మరలన్నిటికి రాగిపొడి కలిపిన గ్రీజు కొంచెము రాసినచో మఱుసటిసారి విప్పువాడు సంతోషించును.

లీకును కనుగొనుటకు చల్లని ఇంజనే తగినది. ఉదయమున మొదట తిప్పినపుడు టిక్కుటిక్కుమని వినబడి, వేడెక్కినకొలది తగ్గు చప్పుడు మానిఫోల్డు లీకునకు గుఱుతు. ఇనుము సాగి సందును మూయుటచే అట్లు తగ్గును. చప్పుడు తగ్గినది గదా అని ఊరకుండరాదు. అతుకు చుట్టు నల్లనియో బూడిదరంగుదో అయిన చాఱ కనబడినచో అది మఱియొక సాక్ష్యము. ఇంజను తిప్పకుండనే చూడదలచినచో ఇల్లూడ్చు వాక్యూం యంత్రము గాలి వదలు ప్రక్కను తోకగొట్టమునకు తొడిగి, అతుకులపై సబ్బునీరు పోయవలెను. బుడగలు వచ్చుచోటే లీకు. ఇంజను తిరుగుచుండగా చేతితో తడిమి చూచుట కూడనిది. ఇవన్నియు ఆరుబయటనే చేయవలెను, తలుపు వేసిన షెడ్డులో ఇంజను తిప్పరాదు. జాకీమీద మాత్రమే నిలిపిన బండి క్రిందకు పోరాదు. గట్టినేలపై ఇనుప స్టాండ్లు వేసి, చక్రములకు అడ్డుకట్టలు పెట్టిన పిదపనే పోవలెను.

క్రొత్తగా బిగించిన బండిని ఒకదినము నడపి, రాత్రి పూర్తిగా చల్లారనిచ్చి, మఱునాడు ఉదయమున మానిఫోల్డు నట్లను, క్లాంపు బోల్టులను మఱియొకమాఱు చూడవలెను. గాస్కెట్టు మొదటి వేడికి కొంచెమణగును గనుక నట్లు సాధారణముగా పావుచుట్టు తీసికొనును. కొన్ని వందల కిలోమీటర్ల పిదప మరల చూచి, అప్పుడును అంతే తిరిగినచో బిగించుట మాని, కడ్డీ బుష్‌లను పరీక్షింపవలెను.